సేవయా? ఊడిగమా?

విదేశములకు పోయి వచ్చిన మనవారు ఇల్లు చేరిన వారము దినములలోనే ఒక పురాణము విప్పుదురు. జపానులో అంగడివాడు నడుము వంచి నమస్కరించునట. కొన్న వస్తువును కానుకవలె చుట్టి రెండు చేతులతో అందించునట. అమెరికాలో హోటలు పరిచారకుడు తన పేరు చెప్పుకొని, కుశలమడిగి, గ్లాసులో నీరు తరుగకుండ కనిపెట్టి యుండునట. జర్మనీలో చెప్పిన వేళకు పని ముగియునట. ఇంత చెప్పి, ఒక నిట్టూర్పు విడిచి, తీర్పు వినిపింతురు: మన జాతికి పనిమీద భక్తి లేదు, మనము బాగుపడము అని. వినుచున్నవారందరును తలలూపుదురు. ఆ తలలూపువారిలో బ్యాంకు గుమాస్తా యుండును. రిజిస్ట్రారు కచేరీ యుద్యోగి యుండును. బట్టల కొట్టు యజమాని యుండును. మావంటి ప్లీడరును ఉండును. ఎవరికివారు ఆ నింద ప్రక్కవానికే చెల్లునని తలంతురు.

ఈ తీర్పును మేము అంగీకరింపము. మన కచేరీలలో జరుగు అవమానమును గాని, మన అంగళ్ల యందలి నిర్లక్ష్యమును గాని కప్పిపుచ్చుట మా యుద్దేశము కాదు. అవి కలవు, అనుదినము అనుభవించుచునే యున్నాము. వానికి చెప్పబడుచున్న కారణము తప్పని మాత్రమే మా వాదము. మర్యాద రక్తములో పుట్టదు. జీతము, పనిగంటలు, శిక్షణ, చట్టము, పనివానికి సంఘములో గల గౌరవము, వీని పునాదిమీద అది కట్టబడును. బల్లకు ఇవతల నున్నవానికి దొరకు మర్యాద బల్లకు అవతల నున్నవాని స్థితినిబట్టి యుండును. ఈ సంగతి గ్రహింపక పరదేశపు నమస్కారమును మాత్రము దిగుమతి చేసికొన జూచితిమా, మన పాత యూడిగమే క్రొత్త యూనిఫారము తొడుగుకొని తిరిగి వచ్చును.

మొదట జాతిస్వభావమను మాటను విచారింతము. నేడు క్రమశిక్షణకు మారుపేరుగా చెప్పబడు జపానును గూర్చి 1915లో ఏమనుకొనిరో చాలమందికి తెలియదు. ఆ దేశపు కర్మాగారములను చూచుటకు ఆహ్వానింపబడిన ఆస్ట్రేలియా నిపుణుడొకడు, జపానువారు తీరికగా కాలము గడపు జాతియనియు, వారికి కాలము విలువ తెలియదనియు అక్కడి అధికారులకే చెప్పి వెళ్లెను. జర్మనులను గూర్చియు 19వ శతాబ్ది తొలినాళ్ల ఆంగ్ల యాత్రికులు మందకొడివారనియు, సోమరులనియు వ్రాసిరి. కొరియా దేశీయుడగు ఆర్థికవేత్త హాజూన్ చాంగ్ 2007లో ప్రకటించిన గ్రంథమున ఈ సాక్ష్యములను ప్రోగుచేసి చూపెను. మలయా, జావా, ఫిలిప్పీన్సు ప్రజలకు సోమరులను ముద్ర వేసినది తోటల యజమానులును వారి ప్రభుత్వములునే యని 1977లో సయ్యద్ హుసేన్ అలతాస్ నిరూపించెను. తాము చెప్పిన కూలికి, తాము చెప్పిన గంటలు పనిచేయ నిరాకరించినవాడు వారి దృష్టిలో సోమరి. జపానువారి రక్తము 1915 తరువాత మారలేదు. మారినవి వారి కర్మాగారములు, వారి బడులు, వారి జీతములు.

ఇంత దూరము పోనేల? మాధాపూరులోని మేడలకు రాత్రి పదిగంటల వేళ పోయి చూడుడు. అమెరికాలోని ఏదో యూరినుండి కోపముతో ఫోనుచేయు ఖాతాదారునకు మన తెలుగు బిడ్డ యెంత యోర్పుతో, ఎంత స్పష్టముగా జవాబిచ్చునో వినుడు. ఆ బిడ్డ అన్నయో తమ్ముడో మన యూరి కచేరీలో కూర్చుండి, అర్జీ పట్టుకొని వచ్చిన ముసలివానిని తలయెత్తి చూడకయే రేపు రమ్మనుచుండును. ఒకే తల్లి బిడ్డలు, ఒకే బడి చదువు. ఒకరికి శిక్షణ యిచ్చి, జవాబుదారీ పెట్టి, పని కొలిచి జీతమిచ్చుచున్నారు. రెండవవాని నడిగెడివాడు లేడు. దీనిని జాతిగుణమని యెట్లందుము?

ఇక మనము మెచ్చుకొను దేశముల లోగుట్టు చూతము. జపానులో కొనువాడు దేవుడను నానుడి యున్నది. దాని పుట్టుక చిత్రమైనది. 1961లో మినామి హరువో యను గాయకుడు రంగస్థలముమీద తన ప్రేక్షకులనుద్దేశించి యన్న మాట అది. దేవుని సన్నిధిలో నిలిచినట్లు మనసును నిర్మలము చేసికొని పాడుదునని దాని భావము. అంగళ్లవారు దానిని పట్టుకొని, డబ్బిచ్చినవాడు ఏమన్నను పడవలెనను సూత్రముగా మార్చిరి. ఫలమేమైనది? అధిక శ్రమచేత ప్రాణము పోవుటకు ఆ భాషలో ప్రత్యేకముగ ఒక పేరు పుట్టినది, కరోషి. దానిని అరికట్టుటకు 2014లో ఆ దేశము ఒక చట్టమే చేయవలసి వచ్చెను. 2018లో చేసిన మరియొక చట్టముచేత అదనపు పనికి నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలని సామాన్యమైన హద్దు పెట్టిరి. కొనువారి దుర్భాషలు, బెదిరింపులు, గంటలకొలది నిలువబెట్టి క్షమాపణ చెప్పించుకొనుటలు మితిమీరగా, టోక్యో నగర ప్రభుత్వము 2024లో ఒక శాసనము చేసి, 2025 ఏప్రిలు 1వ తేదీనుండి అమలు పెట్టినది. పనివానిని వేధించు హక్కు కొనువానికి లేదని అది చాటినది. మనవారు సెల్ ఫోనులో పట్టి తెచ్చిన ఆ నమస్కారము వెనుక ఇంత కథ యున్నది. దేవుడని పిలిచినవారే యా దేవునికి హద్దులు గీయుచున్నారు.

కొరియాలోను ఇంతే. 2014 డిసెంబరులో న్యూయార్కు విమానాశ్రయమున, గింజలను పళ్లెములో పెట్టక సంచితోనే యిచ్చిరను కోపముచేత విమానసంస్థ యధిపతి కుమార్తె బయలుదేరిన విమానమును వెనుకకు త్రిప్పించినది. ఆ యుదంతము ఆ దేశమునంతటిని సిగ్గుపడజేసెను. 2018 అక్టోబరునుండి, కొనువారి దూషణకు గురియైన పనివానికి విరామము, రక్షణ కల్పించుట యజమాని విధియని అక్కడి చట్టము చెప్పుచున్నది.

అమెరికా చిరునవ్వు కథ ఇంకను చేదైనది. 1867లో స్థాపింపబడిన పుల్‌మన్ రైలుబండ్ల కంపెనీ బానిసత్వమునుండి అప్పుడే విడుదలయైన నల్లవారిని పరిచారకులుగా చేర్చుకొనెను. జీతము స్వల్పము, ప్రయాణికులు దయదలచి యిచ్చు టిప్పే వారికి జీవనాధారము. వారి పేరేదైనను ప్రయాణికులు యజమాని పేరుతో 'జార్జి' యనియే పిలుచుచుండిరి. బానిసకు యజమాని పేరు పెట్టు ఆచారమే బండ్లలోనికి ఎక్కినది. ఫిలిప్ రాండాల్ఫు నాయకత్వమున 1925లో ఆ పనివారు సంఘము పెట్టుకొని, పన్నెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీచేత ఒడంబడికపై సంతకము చేయించిరి. ఐనను టిప్పు పోలేదు. 1966లో చట్టములోనికే యెక్కినది. టిప్పు పుచ్చుకొను పనివానికి యజమాని తన చేతినుండి ఈయవలసిన కనీసపు కూలి, ఆ దేశపు కేంద్ర చట్టము ప్రకారము, 1991నుండి నేటివరకు గంటకు 2.13 డాలర్ల వద్దనే నిలిచియున్నది. తక్కినవారికది 7.25 డాలర్లు. ఆ లోటు టిప్పులచేత నిండవలెను. నిండనిచో యజమాని పూరింపవలెను. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు మాత్రము ఈ భేదమును తీసివేసినవి. తక్కినచోట్ల నీళ్లగ్లాసు నింపుచు నవ్వు ఆ మనుష్యుడు తన యింటి అద్దెకొరకు నవ్వుచున్నాడు. ఆ నవ్వును జూచి మనము జాతిసంస్కారమని మురియుచున్నాము!

జర్మనీ సంగతి వేరు. అక్కడ నవ్వు తక్కువ, పని గట్టిది. అమెరికా వాల్‌మార్టు కంపెనీ 1997లో ఆ దేశములో దుకాణములు తెరచి, వాకిట నిలిచి నవ్వుచు స్వాగతము చెప్పు తన పద్ధతిని అక్కడికిని తీసికొనిపోయెను. జర్మనులకది వింతగా తోచెను. పలు కారణములు కూడి 2006లో ఆ కంపెనీ మూటముల్లె సర్దుకొనెను. జర్మను దుకాణములో సరకు చూపువాడు ఆ పనిని రెండు మూడేండ్లు నేర్చి పరీక్షలో తేరినవాడై యుండును. అది వారికొక వృత్తివిద్య. ఆదివారము విశ్రాంతిదినమను నియమము 1919 నాటి వారి రాజ్యాంగమునుండి నేటి రాజ్యాంగములోనికి వచ్చినది. క్రిస్మసుకు ముందటి నాలుగు ఆదివారములును అంగళ్లు తెరచుటకు బెర్లిను ప్రభుత్వము అనుమతింపగా, 2009 డిసెంబరు 1వ తేదీన అక్కడి రాజ్యాంగ న్యాయస్థానము దానిని త్రోసివేసెను. పనివారు ఎన్నుకొను మండలులకు పనివేళల నిర్ణయములో చట్టసమ్మతమైన పాలు కలదు. ఇన్ని విశ్రాంతులనుభవించు జర్మను సగటున ఏడాదికి 1,350 గంటల లోపే పనిచేయుచున్నాడు. భారతీయుడో, అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలలో, వారమునకు 46 గంటలకు పైగా పనిచేయుచున్నాడు. మరి సోమరి యెవడు?

ఈ ప్రశ్న మన కోటీశ్వరుల నడుగవలసి యున్నది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు మన యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సెలవిచ్చిరి. యుద్ధానంతరపు జర్మనీని, జపానును దృష్టాంతముగ చూపిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో యధిపతి 90 గంటలన్నారు, ఆదివారమును వదలలేదు. వారు మరచిన చరిత్రను జ్ఞప్తికి తెత్తము. 1919లో వాషింగ్టనులో తొలి అంతర్జాతీయ కార్మిక మహాసభ జరిగినప్పుడు లోకమునకు దినము 8 గంటలు, వారము 48 గంటలను నియమము చేయబడెను. బ్రిటిషిండియాకు మినహాయింపు: 60 గంటలు. తెల్లవానికొక గడియారము, మనకొక గడియారము. 1922లో ఆ 60 గంటలు మన కర్మాగారముల చట్టమయ్యెను. 1934లో 54కు దిగెను. 1946కు గాని 48కి రాలేదు. ఒక్కొక్క గంట తగ్గించుటకు మన కార్మికులు ఎన్ని సమ్మెలు చేసిరో, ఎన్ని లాఠీదెబ్బలు తినిరో! పరాయి ప్రభుత్వము మనపై రుద్దిన 60 గంటలకంటె పది గంటలు హెచ్చు, ముప్పది గంటలు హెచ్చు అడుగుటకు స్వతంత్ర భారతమున మన పెద్దలకు నోరు వచ్చినది. 2025లో రెండు తెలుగు ప్రభుత్వములును దినమునకు పదిగంటలవరకు పని చేయించుకొను వీలు కల్పించుటకు పూనుకొనినవి. వారపు హద్దు 48 గంటలే యని సమాధానము చెప్పబడుచున్నది. వారపు లెక్క యెవరు వ్రాయుదురో, ఎవరు చూతురో, చిన్న పట్టణములో కొట్టులో పనిచేయువాని నడిగిన చెప్పును.

ఇంక మన యింటికి వత్తము. మన బ్యాంకులలోను, దుకాణములలోను, కొనువాడే మనకు ముఖ్యుడు, మనము వానిమీద ఆధారపడితిమిగాని వాడు మనమీద గాదను నర్థముతో ఒక పలక వ్రేలాడుచుండును. క్రింద మహాత్ముని పేరుండును. గాంధీజీ ఆ మాటలనిన జాడ లేదు. దాదాపు అవే మాటలు 1941లో అమెరికాలో ఒక మోటారుకార్ల కంపెనీ యుద్యోగి నోట వచ్చినట్లు పరిశోధకులు కనుగొనిరి. గాంధీజీ సేవను గూర్చి నిజముగా వ్రాసినది వేరు. 1917లో మూడవ తరగతి రైలుపెట్టెలో బొంబాయినుండి మద్రాసుకు ప్రయాణము చేసి, ఆ పెట్టెలో మనుష్యులను సరకువలె క్రుక్కుటను, మురికిని, లంచములను పత్రికలకు వ్రాసెను. అదే లేఖలో తోడి ప్రయాణికుల అపరిశుభ్రతను, స్వార్థమును గూడ నిష్ఠురముగా చెప్పెను. బల్లకు ఇరువైపులను చూచిన చూపు అది. పలక వ్రేలాడదీసినవారు ఆ చూపును గోడకు తగిలింపలేదు.

మన కచేరీ యెట్లు పుట్టినదో స్మరింపుడు. అది ప్రజలకు పనిచేసి పెట్టుటకు పుట్టలేదు. శిస్తు వసూలు చేయుటకు పుట్టెను. జిల్లాధికారి బిరుదమే కలెక్టరు. దాని గుమ్మమెక్కువాడు అర్జీదారు. మహారాజరాజశ్రీ వారి సముఖమునకు విన్నవించుకొనువాడు. రాజ్యము మారినది, జెండా మారినది, అర్జీ మారలేదు. నేటికిని సోమవారము సోమవారము జిల్లా కేంద్రములలో అర్జీలు పట్టుకొని జనము బారులు తీరుదురు. చట్టప్రకారము తనకు రావలసిన పింఛనును, పాసుపుస్తకమును బిచ్చమువలె అడుగువానికి సేవ యెట్లు దొరకును? దొరకిన దయ దొరకవలెను.

అటు బజారున మనమే దొరలమగుదుము. హోటలులో బల్ల తుడుచువానిని 'ఒరేయ్' అనియో, 'ఏయ్' అనియో పిలుతుము. తండ్రి వయసువాడగు ఆటో త్రోలువానిని 'నువ్వు' అందుము. పదినిమిషములలో సరకు తెచ్చి గుమ్మమున నిలిచిన కుఱ్ఱవానికి మంచినీళ్లీయము. ఒక నిమిషము జాగైనచో చుక్కలు తగ్గించి వాని కూడు చెఱతుము. పండుగరోజులలో బట్టల కొట్టులో ఉదయమునుండి రాత్రివరకు ఆడబిడ్డలు నిలువుకాళ్లపై చీరలు విప్పి మడతపెట్టుచుందురు. కర్మాగారములో నిలిచి పనిచేయువారికి కూర్చుండు వసతి యుండవలెనని 1948 చట్టమే చెప్పినది. ఆ ముక్క అంగడికి చేరుటకు డెబ్బదియేండ్లు పట్టెను. కేరళలో ఆడపనివారు వీధికెక్కి పోరాడగా 2018లో అక్కడ చట్టము మారెను. 2021లో తమిళనాడును అనుసరించెను. కూర్చుండుటకు చట్టము కావలసి వచ్చిన దేశమున, నవ్వలేదని పనివానిపై నేరము మోపుటకు మనకు సిగ్గుండవలదా?

నీ బాంచెనని కాళ్లు మ్రొక్కించిన వెట్టిచాకిరిని తెలంగాణపు రైతుకూలీలు తిరుగబడి త్రోసివేసిరి. ఆ మ్రొక్కుబడిని లోకమంతయు అణకువ యనలేదు; దాస్యమనెను. కడుపు మాడ్చి, నిలువబెట్టి, నవ్వించి పుచ్చుకొను మర్యాదయు ఆ జాతిదే. భయముచేత వచ్చు వినయము భయము తొలగిన క్షణమున పగయగును. కచేరీలో అర్జీదారుగా దెబ్బతినినవాడు బజారులో దొరయగును. బజారులో నువ్వనిపించుకొన్నవాని బిడ్డ కచేరీలో కుర్చీ దొరకగనే రేపు రమ్మనును. ఈ చక్రము తిరుగుచున్నంత కాలము ఏ పలకయు, ఏ శిక్షణ శిబిరమును మనలను మార్చవు.

చట్టములు లేవా? కలవు. 1986లో వినియోగదారుల రక్షణచట్టము వచ్చెను. లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లోనే, పౌరుని వేధించిన యధికారినుండియే ఆ పరిహారమును రాబట్టవలెనని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పని నియమిత కాలములో చేయని యుద్యోగికి దినమునకు 250 రూపాయల చొప్పున, 5,000 వరకు జుల్మానా వేయు చట్టమును 2010లో మధ్యప్రదేశము చేసెను. 2019లో చేసిన క్రొత్త వినియోగదారుల చట్టము, వస్తుపరీక్ష అక్కరలేని ఫిర్యాదును మూడు నెలలలో తేల్చుటకు యత్నింపవలెనని చెప్పుచున్నది. అది ఏండ్లకొలది ఏల సాగుచున్నది? ఇచట మా నల్లకోటును గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము కపటమగును. వాయిదాలడుగునది మేమే. వైద్యుడు ఆ చట్టమునకు లోబడునని 1995లో తీర్పు రాగా దేశము హర్షించెను. న్యాయవాది లోబడడని 2024 మే 14వ తేదీన తీర్పు వచ్చెను. చట్టదృష్ట్యా దానికి కారణములు చెప్పబడినవి, తీర్పును శిరసావహింతుము. కాని కక్షిదారునికి కాగితము చూపక, ఫీజుకు రసీదీయక, కేసు ఏమైనదో చెప్పక త్రిప్పు ప్లీడరు, గుమాస్తాను చూచి జాతికి పనిమీద భక్తి లేదని నిట్టూర్చుట తగునా? చట్టము మమ్ము విడిచినచో ధర్మము మమ్ము విడువలేదు. రసీదు, వ్రాతమూలకమైన ఫీజు ఒడంబడిక, వాయిదా వాయిదాకు కక్షిదారునికి సమాచారము, ఈ మూడును ప్రతి న్యాయవాద సంఘమును తనంతట తాను నియమముగ పెట్టుకొనవలెను.

తక్కినవారును చేయవలసినది కలదు. ప్రభుత్వపు ప్రతి పనికిని గడువుండవలెను. గడువు దాటినచో పౌరుడు మరల అర్జీ పెట్టకయే పరిహారము వాని ఖాతాలో పడవలెను. అంగడి పని వృత్తివిద్యగా నేర్పబడవలెను. పనివానికి ఎనిమిది గంటల పని, కూర్చుండుటకు బల్ల, వారమునకొక విశ్రాంతిదినము, టిప్పుమీద ఆధారపడని జీతము ఉండవలెను. పనివాడును తన పనికి జవాబు చెప్పవలెను. సంఘము వెనుక దాగి యర్జీదారుని త్రిప్పువానిని సంఘమే వెలివేయవలెను. హక్కు కోరినవానికి పూచీ తప్పదు.

వీనిలో కొన్నిటికి శాసనసభలు కావలెను, ఏండ్లు పట్టును. ఒక్కదానికి మాత్రము ఏ చట్టమును అక్కరలేదు, ఒక్క పైసా ఖర్చు లేదు. మన భాషలో 'మీరు' అను మాట యున్నది. దానిని ఇన్నాళ్లు అధికారికిని, ధనికునికిని దాచిపెట్టితిమి. రేపటినుండి హోటలులో పళ్లెము తీయువానిని, కొట్టులో చీర మడతపెట్టు నామెను, గుమ్మమున సరకుతో నిలిచినవానిని, కచేరీ కిటికీ వద్ద వేలిముద్ర వేయ వచ్చిన ముసలివానిని మీరందుము. దొరతనము పోయిన చోటనే సేవ పుట్టును.